పదుగురు కూడి పరీక్షించిన ఆపరేటింగు సిస్టములు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)

  

రజతోత్సవ సభలలో సాహిత్యమును గూర్చియో, గ్రంథాలయోద్యమ చరిత్రను గూర్చియో ప్రసంగించుట వాడుక. కార్యవర్గమువారు నన్ను కంప్యూటరు విషయము చెప్పుమని కోరిరి. కారణము మీరెరుగనిది కాదు. చదువుగదిలో గోడవార నాలుగు కంప్యూటర్లున్నవి. వానిలో నడచుచున్నది విండోస్ 10. దానికి తయారీదారు లిచ్చుచుండిన సాధారణ సహాయము 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. దాని తరువాతిదగు విండోస్ 11 కోరు రక్షణ ఏర్పాట్లు మన పాత యంత్రములలో లేవు. యంత్రములు చెడలేదు. తెర వెలుగుచున్నది, కీబోర్డు పలుకుచున్నది. ఐనను క్రొత్తగా బయటపడు లోపములను పూడ్చువారు లేనప్పుడు, అట్టి యంత్రముపై బ్యాంకు పనియో, ఉద్యోగపు దరఖాస్తుయో చేయుట క్షేమము కాదు. కాబట్టి వీనిని పాతసామానువానికి తూకమునకు వేయుదమా, వేరు మార్గము కలదా అని సంఘములో చర్చ పుట్టినది.

వేరు మార్గము కలదు. కాని అది అంగడిలో ఒక వస్తువును కొని తెచ్చుకొనుట వంటిది కాదు. దేశదేశములవారు కూడి పరీక్షించి, తాము చూచినదానిని ఒకరికొకరు చెప్పుకొనుటవలన ఏర్పడిన మార్గమది. వ్రాసినవారి పేర్లు చరిత్రలో నిలిచినవి; పరీక్షించి తిరిగి చెప్పినవారి పేర్లు చాలవరకు నిలువలేదు. ఆ రెండవ తెగవారిని గూర్చియే నేను ముఖ్యముగా చెప్పదలచినాను. ఏలననగా మనము చేయగలిగినది వారి పనియే.

ముందుగా ఆపరేటింగు సిస్టమనగా నేమో ఒక్క మాట. కాలువ లస్కరు ఏ తూమునకు ఎప్పుడు ఎంత నీరు వదలవలెనో చూచుకొనును. ఆతడు లేనిచో ఎగువ రైతు పొలము మునుగును, చివరి రైతు పొలము ఎండును. కంప్యూటరులో మెమొరీ, డిస్కు, తెర, ప్రింటరు మొదలగునవి యున్నవి. వానిని వాడుకొనగోరు ప్రోగ్రాములు అనేకములు. దేనికి ఎంత చోటు, ఎంత కాలము, ఏ వరుసలో అని పంచిపెట్టు మూల ప్రోగ్రామే ఆపరేటింగు సిస్టము. చాలమంది యంత్రముతో వచ్చినదానినే వాడుదురు. మరియొక లస్కరు దొరకునని వారికి తోచదు.

1987వ సంవత్సరమున ఆమ్‌స్టర్‌డాము నగరమున ఆచార్యులుగా నుండిన ఆండ్రూ టానెన్‌బామ్‌గారు మినిక్సు అను చిన్న సిస్టమును తమ పాఠ్యగ్రంథముతోబాటు వెలువరించిరి. దాని లోపలి వ్రాత యంతయు విద్యార్థులు చదువవచ్చును. ఆనాటికి అదియే పెద్ద విశేషము. అంగళ్లలో దొరకు సిస్టముల లోపల ఏమి వ్రాసియున్నదో కొన్నవానికి కూడ తెలియదు గదా! ఐతే వారి ఉద్దేశము బోధన. విద్యార్థి ఒక్క చదువుకాలములో గ్రహింపగలిగినంత చిన్నదిగా దానిని ఉంచవలెనని, ఇతరులు చేర్చుమన్న అంశములను పెక్కింటిని వారు నిరాకరించిరి. పైగా ఆనాటి నిబంధనల ప్రకారము ఎవరైనను మార్పులు చేసినచో, మార్చిన సిస్టమును మొత్తముగా పంచిపెట్టుటకు వీలులేదు. మార్పులను మాత్రమే విడిగా పంపుకొనవచ్చును. ముద్రిత గ్రంథమునకు తప్పొప్పుల పట్టికను విడిగా ఇచ్చి, ఎవరి ప్రతిని వారే దిద్దుకొనుడనినట్లుండెను. ఆస్ట్రేలియా దేశస్థుడగు బ్రూస్ ఎవాన్స్ అనునాతడు ఆనాటి 386 యంత్రములకు అనువుగా చేసిన మార్పులు అట్లే చేతులు మారినవి. ఓపికగలవారు దిద్దుకొనిరి, లేనివారు ఊరకుండిరి.

ఆ మినిక్సు వాడుకరులలో ఫిన్లండు దేశపు హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ఒకడు. వయస్సు 21 సంవత్సరములు. 1991 ఆగస్టు 25వ తేదీన ఆతడు తోడివాడుకరులకు ఒక చిన్న లేఖ పంపెను. తాను సరదాకై ఒక సిస్టమును వ్రాయుచున్నాననియు, అది పెద్దది కాబోదనియు చెప్పి, మినిక్సులో మీకు నచ్చినదేమి, నచ్చనిదేమి అని అడిగెను. ఈ లేఖను లినక్సు పుట్టుకగా చెప్పుకొందురు. నా మట్టుకు నాకు అందులో గొప్పమాట ఆ ప్రశ్నయే. పని ముగించి చూపించిన పిదప మెప్పు కోరువారు లోకమున మెండు. పని నడుమ నిలిచి, మీకేమి కావలెనని అడుగువారు కొద్దిమంది.

ఆ సెప్టెంబరులో వెలువడిన మొదటి ప్రతి సుమారు 10,000 పంక్తులు మాత్రమే. పేరు కూడ ఆతడు పెట్టినది కాదు. ఆతడు ఫ్రీయాక్స్ అని తలచియుండగా, ప్రతిని పదుగురికి అందునట్లు ఉంచిన ఆరి లెమ్కే అను మిత్రుడు దానిని లినక్సు అను పేరుతో ఉంచెను. పేరు నిలిచిపోయినది.

ఆ సంవత్సరము డిసెంబరులో జరిగిన సంగతి ఒకటి మీకు చెప్పితీరవలెను. జర్మనీ దేశమునుండి ఒక వాడుకరి తన యంత్రములో మెమొరీ రెండు మెగాబైట్లే యున్నదనియు, అందువలన సిస్టమును తన యంత్రముపై తిరిగి కూర్చుకొనలేకున్నాననియు వ్రాసెను. రెండు మెగాబైట్లనగా నేడు మన ఫోనుతో తీసిన ఒక్క ఫొటోకు కూడ ఒక్కొక్కప్పుడు చాలదు. టోర్వాల్డ్సు యంత్రములో అంతకు మించిన మెమొరీ యున్నది. ఆతనికి ఆ యిబ్బంది లేదు. ఐనను క్రిస్మసు సెలవులలో కూర్చుండి, మెమొరీ చాలనప్పుడు డిస్కులో కొంతచోటును మెమొరీవలె వాడుకొను ఏర్పాటును వ్రాసెను. మినిక్సులో అది లేదు. ఈ యొక్క సౌకర్యముతో మినిక్సు వాడుకరులు పలువురు లినక్సు వైపు తిరిగిరి. ఆ జర్మను వాడుకరి ఒక్క పంక్తి ప్రోగ్రామైనను వ్రాసినట్లు కథలో లేదు. తన పేదయంత్రమును దాచుకొనక, దాని లేమిని ఉన్నదున్నట్లు చెప్పెను, అంతియే. నాలుగు పాత కంప్యూటర్లున్న గ్రంథాలయమువారికి ఇంతకన్న దగ్గరి కథ మరియొకటి లేదనుకొందును.

డబ్బు సంగతి కూడ వినవలసినదే. డబ్బు పంపెదమన్నవారికి టోర్వాల్డ్సు, మీ ఊరి పోస్టుకార్డు పంపుడు చాలుననెను. నానాదేశములనుండి కార్డులు వచ్చి ఇంట కుప్పపడినవి. మొదట ఆతడు పెట్టిన నిబంధన, ఈ సిస్టమును పంచునపుడు ఎవరును డబ్బు తీసికొనరాదని. వినుటకు ధర్మముగానే యున్నది. ఆచరణలో చిక్కు వచ్చినది. వాడుకరుల సమావేశములలో ఫ్లాపీలకు ప్రతులెత్తి ఇచ్చువారు, కనీసము ఫ్లాపీ ఖరీదైనను రాబట్టుకొనవద్దా యని అడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనదని తోచి, 1992 ఆరంభమున ఆతడు నిబంధనను మార్చెను. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్‌గారు 1983లో ప్రకటించిన గ్ను ఉద్యమమునుండి వచ్చిన అనుమతిపత్రమును స్వీకరించెను. దాని సారాంశమిది: ఎవరైనను ప్రతులెత్తవచ్చును, వెల తీసికొనవచ్చును, మార్చవచ్చును, కాని పుచ్చుకొన్నవానికి లోపలి వ్రాతను, తాను పొందిన హక్కులను కూడ ఇచ్చితీరవలెను. నాకు ఇందులో నచ్చినది, దానము చేయువాడు నష్టపడనక్కరలేకపోవుట. మన గ్రంథాలయములలో చందా యున్నదిగదా. అందువలన అవి వ్యాపారములైనవా?

పదుగురు కూడినచోట వాదము లేకుండునా? 1992 జనవరి 29న టానెన్‌బామ్‌గారే లినక్సును బహిరంగముగా ఖండించిరి. సిస్టమంతయు ఒకే పెద్ద ముద్దగా కట్టుట వెనుకటి పద్ధతి యనియు, ఒక్కజాతి యంత్రమునకే కట్టుబడియున్నదనియు వారి ఆక్షేపణ. శిష్యప్రాయుడగు టోర్వాల్డ్సు తీవ్రముగా బదులిచ్చి, వెంటనే తన మాటతీరునకు క్షమాపణ కోరెను. అభిప్రాయమును మాత్రము విడువలేదు. సిద్ధాంతమున ఆచార్యుల మాటలో బలమున్నది. ఐతే పరీక్షించువారు లినక్సునే పట్టుకొనిరి, ఏలననగా వారి యంత్రములపై అది నడచుచుండెను. నడువనిచోట చెప్పినచో దిద్దబడుచుండెను. 1994 మార్చి 14న మొదటి పూర్తి సంచిక వెలువడునప్పటికి పంక్తులు సుమారు 1,76,000. నేడు మీలో చాలమంది జేబులోని ఆండ్రాయిడ్ ఫోను అడుగున ఉన్నదియు లినక్సు బీజమే.

ఇంతవరకు చెప్పినది గెలిచినవారి కథ. గెలుపు మాట అటుంచి, పట్టుదల యెట్లుండునో చూడవలెనన్న మరియొక కథ కలదు. అది మన గ్రంథాలయముతో సమవయస్కము. రెండును 2001లో మొదలైనవే.

బీ అను కంపెనీని 1990లో జాన్ లూయీ గాసే యను ఫ్రెంచివారు అమెరికాలో స్థాపించిరి. వారి సిస్టము పేరు బీఓయస్. ఆనాటి సామాన్య యంత్రముపై కూడ పలు చలనచిత్రములు ఒకేసారి తడబడక ఆడునని దానికి పేరు. అంతకన్న మనకు రుచించు గుణమొకటి దానికున్నది. మన లైబ్రేరియనుగారి కార్డు పెట్టెలో గ్రంథకర్త పేరుతోను, గ్రంథనామముతోను, విషయముతోను వెదకవచ్చును గదా! అట్లే బీఓయస్ డిస్కుపై ప్రతి ఫైలునకు ఇష్టమైన వివరములు తగిలించి, ఆ వివరములతోనే వెదకవచ్చును. వచ్చిన ఉత్తరములను పంపినవారి పేరు చొప్పున, విషయము చొప్పున ఏరుకొనుటకు వేరు ప్రోగ్రాము అక్కరలేదు. సిస్టమే కార్డు పెట్టె. ఇంత గుణముండియు కంపెనీ నిలువలేదు. 2001లో దాని ఆస్తులను పామ్ అను మరియొక కంపెనీ కొనెను. సిస్టము ముందునకు సాగలేదు.

అప్పుడు వాడుకరులు ఏమి చేయగలరు? లోపలి వ్రాత వారి చేతిలో లేదు. ఇష్టపడిన గ్రంథము అచ్చు ఆగిపోయినచో మిగిలిన ప్రతి యైనను చదువుకొందుము; సిస్టము అట్లు కాదు, క్రొత్త యంత్రములు వచ్చినకొలది పాతది ఎక్కడను ఎక్కక మూలబడును. వారు చేసినదేమనగా, మొదటినుండి తిరిగి వ్రాయుటకు పూనుకొనిరి. ఆ 2001 ఆగస్టులోనే ఓపెన్‌బీఓయస్ అను పేరుతో పని మొదలైనది; 2004లో హైకూ అని పేరు మార్చుకొన్నది. పాత వ్రాతను చూడకయే, దాని నడవడిని మాత్రము గమనించి, అట్లే నడచునట్టి క్రొత్త భాగములు వ్రాసిరి. ఒక్కొక్క భాగము సిద్ధమైనకొలది దానిని పాత బీఓయస్‌లోనే అమర్చి నడిపి చూచెడివారు. పెంకుటింట కాపురముండియే ఒక్కొక్క దూలము మార్చుకొనుట వంటిది.

ఇందు పరీక్షించువారి పాత్ర ఎంతటిదో చూడుడు. పాత సిస్టము ఈ సందర్భములో ఏమి చేసెడిది, క్రొత్తది ఏమి చేయుచున్నది అని పోల్చి చెప్పుటకు దానితో ఏండ్ల పరిచయమున్నవారే కావలెను. మొదటి ఆల్ఫా ప్రతి 2009 సెప్టెంబరులో వచ్చినది. మొదటి బీటా 2018 సెప్టెంబరులో. ఐదవ బీటా 2024 సెప్టెంబరులో. ఉద్యోగములు చేసికొనుచు సాయంకాలములందు పనిచేయువారి వేగమది. కొందరు నవ్వుదురు. ఎనిమిదేండ్లకు ఒక ఆల్ఫాయా యని. నేను నవ్వను. లాభము లేదని యజమాని విడిచిన వస్తువును, దానిని ప్రేమించినవారు ఇరువది సంవత్సరములకు పైగా మోసిరి. ఐతే గ్రంథాలయపు నిత్యావసరములకు హైకూను నేను సిఫారసు చేయను. బీటా యనగా ఇంకను దిద్దుబాటులో నున్నదని అర్థము. నాలుగవ యంత్రముపై ఉత్సాహవంతులగు పిల్లలు చూచుటకు మిక్కిలి తగినది.

ఇట్టి సిస్టమును చూడవలెనన్న ఉన్నదానిని చెరపవలెనేమో యను భయము పలువురకు కలదు. ఒకప్పుడు ఆ భయము నిజమే. 2000 సంవత్సరమున జర్మనీలో క్లౌస్ క్నాపర్ అనువారు క్నాపిక్సు అను సీడీని వెలువరించిన పిమ్మట ఆ భయము చాలవరకు తీరినది. సీడీ పెట్టి యంత్రమును తెరచినచో లినక్సు సీడీమీదనే నడచును. సీడీ తీసి మరల తెరచినచో పాతది యథాతథము. ఉబుంటు అను లినక్సు సంచిక 2004లో మొదలైనది; కోరినవారికి ప్రపంచమంతట సీడీలను తపాలాఖర్చు లేకుండ పంపెడివారు; మన దేశమునకును వచ్చినవి. 2011లో ఆ ఏర్పాటు ఆగినది. నేడు సీడీల స్థానమున పెన్‌డ్రైవు చాలును. ఐనను ముఖ్యమైన ఫైళ్లకు మరియొకచోట నకలు ఉంచకుండ పరీక్షకు దిగవద్దు. నడిపి చూచుటలో అపాయము లేదు; డిస్కుపై స్థిరముగా నెక్కించునప్పుడు ఒక్క తప్పు నొక్కుతో ఉన్నదంతయు పోవచ్చును.

ఇందు తెలుగువారి పని యేమి? హెల్సింకి విద్యార్థి యెంత ప్రతిభావంతుడైనను, తెరపై ‘స్త్రీ’ అను అక్షరము సరిగా కూడినదో, తావత్తు పక్కకు జారినదో చెప్పలేడు. అది చెప్పవలసినది తెలుగు చదువరి. యూనికోడు ప్రమాణమున 1991నుండియే తెలుగునకు స్థానమున్నను, తెరపై గుణింతములు, వత్తులు కుదురుకొనుటకు ఏండ్లు పట్టినది. తిరుమల కృష్ణదేశికాచార్యులవారు పోతన, వేమన పేరిట యూనికోడు ఫాంట్లను చేసి ఉచితముగా నిచ్చిరి. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు తెలుగులో కనిపించు లినక్సు సంచికను సిద్ధపరచిరి. పొరుగున కేరళ రాష్ట్రమున ప్రభుత్వ పాఠశాలల పిల్లలు లినక్సుపైననే కంప్యూటరు విద్య నేర్చుచున్నారు.

తెలుగు చేయుటలోను తగవులున్నవి. ఫైలును ‘దస్త్రము’ అని అనువదించిరి. కరణముల నాటి మాట. నాకు ఇంపుగానే యున్నది. కాని నేటి పదవ తరగతి బాలునికి ఫైలన్ననే తెలియును. అనువదించువారు గదిలో కూర్చుండి మాటలు కూర్చుట మంచిదే. కూర్చినపిదప ఒక సామాన్య పాఠకుని యంత్రము ముందర కూర్చుండబెట్టి, ఏ మాటవద్ద ఆతని వ్రేలు ఆగుచున్నదో చూచుట అంతకన్న అవసరము. ఆ పనికి గ్రంథాలయముకన్న తగినచోటు ఏది?

ఇబ్బందులు దాచను. డీ.టి.పి. వారు వాడు పాత తెలుగు ఫాంట్లు పెక్కు విండోసుకై చేసినవి; వానితో కూర్చినది మరియొకచోట తెరచినచో పిచ్చిగీతలవలె కనబడును. ఈ సంచికను కూర్చినవారిని అడిగినచో వారే చెప్పుదురు. కొన్ని ప్రింటర్లకు, వ్రేలిముద్ర పరికరములకు తయారీదారులు లినక్సు ప్రోగ్రాము నీయరు. వారమునకొక సిస్టమును మార్చి, దేనిని గూర్చియు నాలుగు పంక్తులు వ్రాయని సరదారాయుళ్లు కూడ ఈ లోకమున కలరు. వారివలన నష్టము లేదు, లాభమును లేదు.

వ్రాయుట యెట్లో చెప్పి ముగించెదను. ‘పనిచేయలేదు’ అని వ్రాసినచో దిద్దువానికి ఏమియు తెలియదు. వైద్యునితో ‘బాగులేదు’ అని మాత్రము చెప్పినట్లుండును. యంత్రము పేరు, మోడలు సంఖ్య, మెమొరీ ఎంత, ఏ సిస్టము, ఎన్నవ సంచిక అనునవి ముందు వ్రాయవలెను. తరువాత, తాము ఏ వరుసలో ఏమేమి చేసితిరి, ఏమి జరుగునని తలచితిరి, నిజముగా ఏమి జరిగినది. తెరపై వచ్చిన వాక్యమును అక్షరము పొల్లుపోకుండ ఎత్తివ్రాయవలెను. అర్థము కాలేదని విడిచిన మాటయే ఒక్కొక్కప్పుడు దిద్దువానికి దారిచూపును. మరల చేసినచో మరల వచ్చినదా యనునది కూడ ముఖ్యము. ఇంగ్లీషు రానివారు తెలుగులోనే వ్రాయవచ్చును. తర్జుమా చేసి పంపుటకు కళాశాల విద్యార్థులు ఇద్దరు ఒప్పుకొన్నారు.

సలహాల పుస్తకము ప్రక్కన నీలపు అట్టగల నోటుపుస్తకము ఒకటి ఉంచినారు. మొదటి యంత్రముపై లినక్సు పెన్‌డ్రైవునుండి నడచినది. తెలుగు అక్షరములు చక్కగా వచ్చినవి. రెండవ యంత్రమున ధ్వని వినబడుచున్నది కాని ప్రింటరు ఇంకను పలుకలేదు. దాని మోడలు సంఖ్య, తెరపై వచ్చిన వాక్యము మొదటి పుటలో వ్రాసియున్నాను. మూడవ, నాలుగవ యంత్రములను ఇంకను ఎవరును ముట్టలేదు. ఆదివారము ఉదయము తొమ్మిది గంటలనుండి చదువుగది తెరచియుండును.